చారగాడు పూసుకున్న మట్టి

చింతలగండి అడవికీ నేరేళ్లవలస ఊరికీ మధ్య ఒక వాగుంది. వానాకాలంలో దాని దగ్గరికి ఎవరూ పోరు. ఎండలు ముదిరేసరికి మాత్రం నీళ్లన్నీ ఒక పక్కకి సన్నగా తప్పుకుని, మధ్యలో చదునైన ఇసుక మైదానం తేలుతుంది. ఒక ఏడాది వరదలో, ఏ బడిపిల్లలు పోగొట్టుకున్నదో ఏమో, ఒక ఫుట్‌బాల్ కొట్టుకొచ్చి ఒడ్డు తుప్పల్లో చిక్కుకుంది. అంతే, ఆ చుట్టుపక్కల జంతువులన్నిటికీ ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. మీరు నమ్మండి, నమ్మకపొండి, వేసవి వచ్చిందంటే అక్కడ మేత మాటా వేట మాటా ఎవరికీ పట్టదు. ఎవరు ఎవరికి ఎన్ని గోల్స్ వేశారన్నదే లోకం.

పోటీకి నాలుగు జట్లు దిగుతాయి. అడవి జట్టు, ఊరి జట్టు, కొండ మీది కొండముచ్చుల జట్టు, చెరువు బాతుల జట్టు. జంతువులకి చొక్కాలెక్కడివి? అంచేత వాళ్లకి మట్టే చొక్కా. అడవివాళ్లు గండి దగ్గరి ఎర్రమట్టి పూసుకుంటారు. ఊరివాళ్లు చెరువు కింది నల్లమట్టి పూసుకుంటారు. కొండముచ్చులకి బూడిద, బాతులకి సుద్ద.

రిఫరీ ఒక ఉడుము. అందరూ ఆమెని ఉడుమమ్మ అంటారు. రూలు పట్టుకుందంటే ఇక వదలదు, ఆమె జాతే అంత. ఆ రూళ్లలోకల్లా పెద్ద రూలు ఏమిటంటే, సరదాకి ఆడే ఉత్తాటల్లో ఎవరు ఏ మట్టి పూసుకున్నా ఫర్వాలేదు గానీ, పోటీ ఆటలో మాత్రం ఏ మట్టి ఒంటి మీద ఉండగా బంతి తాకితే జన్మంతా ఆ జట్టే. మళ్లీ మారడం లేదు. కన్నీళ్లు పెట్టుకున్నా లేదు.

ఈ రూలుతో మిగతావాళ్లకి పేచీ లేదు. కోతి కొండదే, బాతు చెరువుదే. పేచీ అంతా చారగాడికే వచ్చింది.

చారగాడు పంది. వాడి తల్లి నూకాలు నేరేళ్లవలస ఊరపంది. తండ్రి కోరలయ్య చింతలగండి అడవిపంది. ఒక ఏడాది వేరుశెనగ కోతలప్పుడు కోరలయ్య చేలోకి దిగాడు, నూకాలు కూడా అదే చేలోకి వచ్చింది, తర్వాత సంగతి మీరే ఊహించుకోండి. పుట్టినప్పుడు వాడి వీపు మీద అడవిపంది పిల్లలకుండే పసుపుపచ్చ చారలున్నాయి. ఆ చారలు చూసి ఊళ్లో వాడికి చారగాడని పేరు పెట్టారు. పెద్దయ్యాక చారలు పోయాయి గానీ పేరు పోలేదు.

వాడి బాధేమిటంటే, ఊళ్లో ఎవరి కుడితి గాబు ఒలికినా "ఆ అడవి రక్తం ఎక్కడికి పోతుంది" అనేవాళ్లు. అడవికి వెళ్తే "పెంటకుప్పల పెంపకం, దూరంగా కూర్చో" అనేవాళ్లు. ఊరిదీ అడవిదీ రెండూ కలిసి ఒక పూర్తి పంది కావాలి కదా, అదేం చిత్రమో వాడు రెండు చోట్లా సగం సగంగానే మిగిలాడు. పసితనంలో చాలాసార్లు బురదగుంటలో మొహం దాచుకుని ఏడ్చాడు. ఏడుపు అయ్యాక లేచి ఎండిన తాటిటెంకల్ని కాళ్లతో తన్నుకుంటూ తిరిగేవాడు. అలా తన్నీ తన్నీ వాడి కాళ్లకి ఆట వచ్చేసింది.

వచ్చిందంటే మామూలుగా రాలేదు. కిందటి వేసవి ఉత్తాటల్లో ఒకసారి ఎర్రమట్టితో, ఒకసారి నల్లమట్టితో ఆడి, రెండు వైపులా కలిపి పదకొండు గోల్స్ వేశాడు. ఆ పదకొండో గోలుతో వాడు ఉన్నట్టుండి రెండు వైపులవాళ్లకీ బంధువైపోయాడు. ఈ వేసవికి వాడికి పోటీలో ఆడే ఈడొచ్చింది. ఎటు ఆడాలో తేల్చుకోవాలి, అదీ ఒకేసారి. పందికి ఆడే వయసు మహా అయితే నాలుగు వేసవులు. తప్పు జట్టు పట్టుకుంటే ఆ నాలుగూ పోయినట్టే, వాడికి ఆట తప్ప ఇంకేదీ అంత ఇష్టం లేదు.

మొదట వచ్చింది నక్క. పేరు జంబులయ్య, అడవి జట్టుకి కోచ్. ఒక పొద్దున్నే రెండు కందదుంపలు నోట పట్టుకుని బురదగుంట గట్టు మీదికి వచ్చి, కాళ్లకి తడి తగలకుండా ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు. నక్కలకి బురదంటే అసహ్యం. తన ఆటగాళ్లు మట్టి పూసుకుంటుంటే కూడా ఈయన మొహం అటు తిప్పుకుంటాడు.

"ఏం అల్లుడూ, బావున్నావా" అని మొదలుపెట్టాడు. కోరలయ్య తనకి వరసకి బావ అవుతాడని, ఆ లెక్కన చారగాడు సొంత మేనల్లుడేనని, రక్తం ఎక్కడున్నా రక్తమేనని ఒక గంట చెప్పాడు. వెనకటికి పెంటకుప్పలని అన్నవాళ్లలో తనే మొదటివాడన్న సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు. చివరికి అసలు మాటకొచ్చాడు. అడవి జట్టులో ముందు వరస చారగాడిదేనట. కొండముచ్చులతో జరిగే మొదటి ఆటలోనే వాడి సత్తా అందరికీ చూపిస్తాడట.

"మరి చిరుతగారి మేనల్లుడు ఆడుతున్నాడు కదా ముందు వరసలో" అన్నాడు చారగాడు. చిరుతగారంటే అడవికి పెద్ద.

"వాడి కాలు నెప్పిగా ఉందిట. నువ్వు మట్టి పూసుకుని రా, మిగతాది నాకు వదిలెయ్" అన్నాడు జంబులయ్య.

కందదుంపలు బాగున్నాయి. మాటలు అంతకంటే బాగున్నాయి. మా వాడివి, మా వాడివి అని ఎవరైనా వరసగా అన్ని సార్లు అనడం చారగాడు పుట్టి ఎరగడు. కళ్లు చెమర్చాయి కూడా.

అయినా వాడు తొందరపడలేదు. ఆ సాయంత్రమే ఊరి జట్టు కోచ్ దగ్గరికి వెళ్లాడు. ఆయన మూపురయ్య అని ముసలి ఎద్దు. పాక ముందు కూర్చుని నెమరు వేస్తున్నాడు. ఆయన్ని ఏదైనా అడిగితే నెమరు పూర్తయ్యాక గానీ జవాబు రాదు. చారగాడు అడిగింది ఒకటే, ఊరి జట్టుకి వస్తే తనకి ముందు వరసలో చోటుందా అని. ఆయన నెమరు మింగి, ఇంకోసారి నెమరేసి, అప్పుడు చెప్పాడు.

"చూడు బాబూ. ముందు వరసలో నాకు ఇద్దరున్నారు, మేకపోతు ఒకడు, గేదెదూడ ఒకడు. నీకంటే ముందునుంచీ ఆడుతున్నారు. వాళ్లని తీసేసి నిన్ను పెడతానని ఇవాళ చెప్తే అది అబద్ధం. నువ్వు మొదటి సగం కూర్చుంటావు. రెండో సగంలో దింపుతాను. నిలబడితే పై ఏడు మొదటినుంచీ ఆడతావు."

"అంతేనా తాతా?"

"అంతే. ఇంకోటి. మీ నాన్న అటున్నాడు. అటు పోవాలనిపిస్తే పో, నేనేం అనుకోను. ఎటు పోయినా రూళ్లు మాత్రం తెలుసుకుని పో."

అని, ఎవరూ అడక్కుండానే రూళ్లు చెప్పుకుపోయాడు. మట్టి పూసుకుని బెంచీ మీద కూర్చున్నాక కోచ్ పిలిస్తే దిగి తీరాలి, దిగకపోతే రెండు వేసవులు ఆట లేదు. అలాగే ఒంటి మీద మట్టి కనబడని వాణ్ణి దింపిన జట్టు ఆ ఆట ఓడినట్టే. ఈ రెండోది చెప్తున్నప్పుడు ఆయన గొంతులో ఇంకా బాధ ఉంది. మూడేళ్ల కిందట ఊరి జట్టు మూడు గోల్స్ ముందుండగా, విరామంలో గేదె ఎండకి తాళలేక వాగులో మునిగొచ్చింది. మట్టంతా కడుక్కుపోయింది. శుభ్రంగా నిగనిగలాడుతూ వచ్చి ఆటలో నిలబడింది. ఉడుమమ్మ అక్కడికక్కడే ఆట ఆపి బాతుల్ని గెలిపించేసింది. ఆ గేదె ఇప్పటికీ వాగు వైపు చూడదు.

చారగాడు ఆ ముసలాయన మాటలు సగం విన్నాడు. మిగతా సగం "మొదటి సగం కూర్చుంటావు" దగ్గరే ఆగిపోయింది. అక్కడ రారమ్మని పిలిచి ముందు వరస ఇస్తుంటే ఇక్కడ కూర్చోమంటున్నారు. ఇంటికి వెళ్లి తల్లితో అదే అన్నాడు. కొడుకు ఊళ్లోనే ఆడితే చూసుకోవాలని ఆమెకి ఉంది. ఉన్నా బయటపెట్టలేదు. నీ కాళ్లు నాయనా, నీ ఆట, నీకెక్కడ ఆడనిస్తారో అక్కడికి వెళ్లు అని మాత్రం అంది.

వాడు అడవికే వెళ్లాడు.

కొండముచ్చులతో ఆట రోజున గండి దగ్గర అడవి జట్టంతా ఎర్రమట్టిలో దొర్లుతోంది. చారగాడు కూడా దొర్లబోయాడు. జంబులయ్య ఆపేశాడు. అంత శ్రమ ఎందుకు అల్లుడూ అని, ఒక తాటిమట్ట ముక్కని పల్చటి ఎర్రనీళ్లలో ముంచి, తన మీద చుక్క పడకుండా దూరంగా నిలబడి, వాడి ఒంటి మీద నాలుగు దెబ్బలు అలికేశాడు. పందిని పట్టుకుని గోడకి రంగేసినట్టు వేయడం చారగాడికి వింతగానే అనిపించింది. ఎగువన బండ మీద కోరలయ్య నిలబడి చూస్తున్నాడు. కొడుకు తల ఊపితే ఆయనా తల ఊపాడు గానీ, మొహంలో ఏదో నచ్చని వాలకం ఉంది.

ఆట మొదలైంది. ముందు వరసలో చిరుతగారి మేనల్లుడే దిగాడు. కాలు నెప్పి సంగతి ఆ కాలికి తెలిసినట్టు లేదు, బాగానే పరిగెడుతున్నాడు. చారగాణ్ణి బెంచీ మీద కూర్చోమన్నారు. బెంచీ అంటే ఒడ్డున అడ్డంగా పడిపోయిన పాత మద్దిమాను. దాని బెరడు మొసలి వీపంత గరుకు. విరామంలో ఆటగాళ్లందరూ మళ్లీ మట్టిలో దొర్లి వచ్చారు. చారగాణ్ణి ఎవరూ పిలవలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. ఒంటి మీది పల్చటి పూత ఎండి, నెర్రెలిచ్చి, దురద మొదలైంది.

మాను మీద వాడితోపాటు ఇంకొకడున్నాడు. పేరు దుబ్బు. తల్లి ఊరకుక్క, తండ్రి తోడేలు. మొహం ముందుకాళ్ల మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని పడుకున్నాడు. అడవి జట్టు అయిదో గోలు వేసినా వాడు కళ్లు తెరవలేదు. నువ్వెప్పుడు దిగుతావన్నా అని చారగాడు పలకరించాడు.

"నేను దిగేశాను తమ్ముడూ. మూడేళ్ల కిందట. చివరి నిమిషంలో" అన్నాడు దుబ్బు.

"తర్వాత?"

"తర్వాత ఇక్కడే."

చారగాడికి మొదట అర్థం కాలేదు. దుబ్బు నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. ఆ రోజుల్లో వాడు వాగుకి ఈ చివరినుంచి ఆ చివరికి బంతిని ఎవరికీ అందకుండా తీసుకుపోయేవాడట. ఊరి జట్టు పిలుస్తోందని తెలిసి జంబులయ్య ముందుగా వచ్చాడట. అల్లుడూ అన్నాడట. ముందు వరస అన్నాడట. గెలిచిపోయిన ఆటలో చివరి నిమిషంలో దింపాడట. బంతి ఒక్కసారి తాకింది, జన్మంతా అడవి జట్టైపోయాడు. చిరుతగారి మేనల్లుడి చోటు ఎవరికీ ఇవ్వడం కుదరదు. నక్కకి కావలసింది దుబ్బు ఆడటం కాదు, ఊరి తరఫున ఆడకుండా ఉండటం.

"నువ్వు బంతి తాకకుండా తప్పించుకుందామనుకుంటావేమో. తాకనక్కర్లేదు. మేనల్లుడు నీ మీదికి కొడతాడు, నాకలాగే కొట్టాడు" అని దుబ్బు మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

చారగాడు లెక్కేసుకున్నాడు. నాలుగు వేసవులూ ఈ మాను మీదే. ఆ కందదుంపలు గుర్తొచ్చి వాడికి తన మీద తనకే అసహ్యమేసింది. లేచి పారిపోదామా అంటే రెండు వేసవులు పోతాయి. దిగితే నాలుగూ పోతాయి. ఇక ఆటలో ఎంతో సమయం లేదు. అవతలి ఒడ్డున మూపురయ్య తాత ఆట చూడటానికొచ్చి నిలబడి, మామూలుగానే నెమరేస్తున్నాడు. ఆయన్ని చూడగానే ఆ సాయంత్రం సగమే విన్న మాటల్లో మిగతా సగం వాడికి వినబడింది. వాగులో మునిగొచ్చిన గేదె.

వాగు దూరంగా ఉంది, అక్కడికి పోనివ్వరు. వాడు తన ఒళ్లు చూసుకున్నాడు. విచ్చిపోయిన ఎర్రపూత. నిజంగా మట్టిలో దొర్లి ఉంటే వారం రోజులైనా ఊడేది కాదు. ఇదైతే గిట్ట తగిలితే రాలుతోంది. పూసినవాడికి మట్టి సంగతి తెలియదు. పూయించుకున్నవాడు పుట్టింది మట్టిలో.

చారగాడు లేచి మద్దిమానుకి వీపు ఆనించి రుద్దుకోవడం మొదలుపెట్టాడు. బురద ఎండితే పంది ఒళ్లు రుద్దుకుంటుంది, అందులో చూడటానికేముంది? ఎవరూ చూడలేదు. కుడి పక్క, ఎడమ పక్క, మెడ, తొడలు. ఆ మొసలి బెరడు మీద ఎర్రపొడి కుప్పగా రాలింది. తర్వాత కడుపు ఇసుకలో ఆనించి నాలుగు బారలు పాకాడు. దుబ్బు ఒక కన్ను తెరిచాడు. ఏమీ అనకుండా తోకతో ఆ రాలిన పొడిని మాను కిందికి చిమ్మేశాడు.

జంబులయ్య మైదానం అంచున నిలబడి అవతలి ఒడ్డు మూపురయ్యనే చూస్తున్నాడు. ఆ ముసలాయన కళ్లముందే ఈ పని జరగాలని ఆయన ముచ్చట. ఆ ముచ్చటలో వెనక్కి తిరిగి చూడలేదు. మొహం అటే పెట్టి, నవ్వుకుంటూ, ముందుకాలు వెనక్కి ఊపి "అల్లుడూ, దిగు" అన్నాడు.

చారగాడు దిగాడు. మేనల్లుడికి ముందే చెప్పి ఉంచారు కాబట్టి, వాడు వెంటనే బంతిని తిన్నగా పంది డొక్క మీదికి కొట్టాడు. బంతి తగిలి పక్కకి దొర్లింది. జంబులయ్య ఎగిరి గంతేసినంత పని చేశాడు.

ఉడుమమ్మ బుస కొట్టి ఆట ఆపింది. నింపాదిగా నడిచొచ్చి చారగాడి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, జంబులయ్యని పిలిచి ఇతను మీవాడేనా అని అడిగింది.

"మావాడే. ముమ్మాటికీ మావాడే. బంతి తాకడం అందరూ చూశారు. ఇక జన్మంతా మావాడే" అన్నాడు జంబులయ్య, ఎద్దుకి కూడా వినబడేలా.

"మరి మట్టేదీ?"

అప్పుడు తిరిగి చూశాడు జంబులయ్య. నల్లటి పంది నల్లగా నిలబడి ఉంది. ఎక్కడా ఎర్రచుక్క లేదు. పొద్దున స్వయంగా పూశానని, అడవంతా సాక్ష్యమని ఆయన గోల పెట్టాడు. ఉడుమమ్మ అరవనిచ్చింది. అంతా అయ్యాక చెప్పింది.

"పొద్దున సంగతి నాకక్కర్లేదు. బంతి తాకినప్పుడు కంటికి కనబడాలి. మీవాడే అంటావా, మట్టి లేనివాణ్ణి దింపావు కాబట్టి ఆట ఓడిపోయావు, కొండముచ్చులు ఫైనల్‌కి వెళ్తారు. మీవాడు కాదంటావా, దారి తప్పి మైదానంలోకి వచ్చిన పంది అనుకుని బయటికి పంపి ఆట సాగిస్తాను. ఏదో ఒకటి చెప్పు, ఎండగా ఉంది."

అయిదు గోల్స్ తిని నీరసంగా ఉన్న కొండముచ్చులు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. గట్టు మీద చిరుతగారు పంజా నాకడం ఆపి తలెత్తారు. ఆయన నోరు తెరిచేలోపే జంబులయ్య తోక ముడిచాడు.

"మావాడు కాదు" అన్నాడు గొణుగుతూ.

"వినబడలేదు. పోటీలో మాటంటే అందరికీ తెలియాలి."

జంబులయ్య కళ్లు మూసుకుని, అడవికీ ఊరికీ కొండకీ వినబడేలా అరిచాడు, "వాడు మావాడు కాదు!"

చారగాడు ఆ మాట అంతకు ముందు ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. విన్న ప్రతిసారీ ఏడ్చాడు. ఇవాళ మాత్రం ఆ మాట చెవిన పడగానే నాలుగు కాళ్లూ తేలికైపోయాయి. మైదానం దాటి నడిచి వచ్చేశాడు. వస్తూ మాను దగ్గర ఆగి దుబ్బుతో, నువ్వు లేకపోతే నేనైపోయేవాణ్ణి అన్నా అన్నాడు. దుబ్బు, వెళ్లు వెళ్లు, వాళ్లకి వేరే రూలేదైనా గుర్తొచ్చేలోపు వెళ్లు అన్నాడు.

ఊరికి పోయే ముందు వాడు తండ్రి దగ్గరికి వెళ్లాడు. అడవి జట్టుకి ఒకప్పుడు గోడలాంటి బ్యాక్ కోరలయ్య. కొడుకు ఎర్రమట్టిలో ఆడుతుంటే చూడాలని ఆయన ఎన్నాళ్లుగా అనుకుంటున్నాడో చారగాడికి తెలుసు. అందుకే ఊరి జట్టుకి వెళ్తానని చెప్పడానికి మాట రాలేదు. ఆయనే అందుకున్నాడు.

"పొద్దున నక్క నీకు మట్టి పూసిన తీరు చూశాను. పందిబిడ్డకి అలాగా పూసేది? అప్పుడే దిగొచ్చి నిన్ను తీసుకుపోవాల్సింది. నా జట్టన్న మొహమాటం కొద్దీ ఊరుకున్నాను, తప్పు నాది."

"నీకు బాధగా లేదా నాన్నా?"

"ఉంది. లేదని ఎందుకు చెప్పాలి? కానీ నువ్వు మాను మీద కూర్చుంటే చూడటం కంటే నా జట్టు మీద గోలు వేస్తే చూడటం నయం. ఒకటే మాట. మాతో ఆడేటప్పుడు నాన్న జట్టు కదా అని కాలు వెనక్కి తీశావో, నాకు తలవంపులు."

చారగాడు తండ్రి మెడకి మొహం ఆనించి కాసేపు ఉండిపోయాడు. తర్వాత వాగు దాటి తిన్నగా మూపురయ్య పాకకి వెళ్లి, మొదటి సగం కూర్చుంటాను తాతా అన్నాడు. ఆయన నెమరు మింగి, సరే అన్నాడు. తోక రెండుసార్లు ఊపాడు, ఈగల్లేకపోయినా.

బాతుల్ని ఊరివాళ్లు ఓడించారు. ఫైనల్ అడవికీ ఊరికీ పడింది.

ఆ రోజు చెరువు కింద నూకాలు దగ్గరుండి కొడుకుని నల్లమట్టిలో దొర్లించింది. ఒకసారి కాదు, మూడుసార్లు. చెవుల వెనక కూడా వదల్లేదు. అన్నట్టుగానే మూపురయ్య వాణ్ణి మొదటి సగం కూర్చోబెట్టాడు. చారగాడికి కాళ్లు ఆగడం లేదు. అయినా కూర్చున్నాడు. మేకపోతు ఒక గోలు వేశాడు. చిరుతగారి మేనల్లుడు ఒకటి వేశాడు, అది అవతలివాడి కాలికి తగిలి దారి మారి పోయింది గానీ గోలు గోలే కదా. విరామం అయ్యాక మూపురయ్య చారగాడి వైపు తల తిప్పి, ఊఁ అన్నాడు. వాడు దిగాడు.

జంబులయ్య మైదానం మధ్యకి పరుగెత్తుకొచ్చాడు. ఈ పంది మా జట్టు బెంచీ మీద కూర్చున్నాడు, మా మట్టి పూయించుకున్నాడు, ఊరి తరఫున ఎలా ఆడతాడని ఉడుమమ్మని నిలదీశాడు. ఆమె ఆయన వైపు చూడను కూడా చూడలేదు. మావాడు కాదని నువ్వే అరిచావు కదయ్యా, కొండ మీదికి కూడా వినబడింది అని చెప్పి, ఆట మొదలుపెట్టించింది.

ఇక ఆ రెండో సగం సంగతి ఆ వాగు ఒడ్డున ఇప్పటికీ చెప్పుకుంటారు. చారగాడు ఇన్నాళ్లూ రెండు చోట్లా సగం సగంగా ఆడినవాడు, ఆ పూట మొత్తంగా ఆడాడు. బంతి పట్టుకుని నీళ్ల పక్కగా వచ్చాడు. మేనల్లుణ్ణి దాటాడు. కణితి దుప్పిని దాటాడు. తాటిటెంకని తన్నినట్టు మడమతో ఒక్కటి తన్నాడు. గోల్ కాస్తున్న ఎలుగుబంటి పడిన వైపు బంతి లేదు.

ఊరి ఒడ్డంతా ఒకటే గోల. అడవి ఒడ్డు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక ముసలి గొంతు ఒక్కటే సంతోషం పట్టలేక బొంగురుగా కేక పెట్టింది. అడవంతా తిరిగి కోరలయ్య వైపు చూసింది.

"ఏం, నా కొడుకు" అన్నాడు కోరలయ్య.

చిరుతగారు గట్టు దిగి జంబులయ్య పక్కకి వచ్చి కూర్చున్నారు. ఆ పంది ఎవరని అడిగారు. కోరలయ్య కొడుకని చెప్పాడు జంబులయ్య. మన కోరలయ్య కొడుకు మన జట్టులో ఎందుకు లేడని అడిగారాయన. జంబులయ్యకి చెప్పడానికి ఏదీ దొరకలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయనకి మాట దొరకకపోవడం అదే మొదటిసారి.

"మొన్న ఆ మాను మీద కూర్చున్నది వీడేనా?"

"అవునండి."

"ఎంతసేపు?"

"ఆటంతా అండి."

చిరుతగారు మాను వైపు చూశారు. దానిమీద దుబ్బు పడుకుని ఉన్నాడు. ఇతనెన్నాళ్లనుంచి కూర్చున్నాడని అడిగారు. మూడేళ్లని జంబులయ్య నోటినుంచి ఎలాగో వచ్చింది. అయితే మా మేనల్లుణ్ణి కూర్చోబెట్టి ఇతణ్ణి దింపు అన్నారు చిరుతగారు. దుబ్బు ఆ మాట విని కూడా లేవలేదు, తనని కాదనుకున్నాడు. రెండోసారి పిలిస్తే లేచాడు. లేచాక మాత్రం వాడు కుక్కో తోడేలో చెప్పడం ఎవరివల్లా కాలేదు, గాలిలా పోయాడు. రెండుసార్లు ఊరి గోలు దాకా వచ్చాడు. రెండోసారి బంతి కొయ్యకి కొట్టుకుని వెనక్కి వచ్చింది. ఈలోపు సమయం అయిపోయింది. ఊరివాళ్లు రెండు, అడవివాళ్లు ఒకటి.

ఓడిన దుబ్బు ఆయాసపడుతూ, నవ్వుతూ వచ్చి చారగాడి మీద పడ్డాడు. వీడి నల్లమట్టి వాడికి, వాడి ఎర్రమట్టి వీడికి అంటుకుంది. పై ఏడు నిన్ను దాటిపోతాను చూసుకో తమ్ముడూ అన్నాడు దుబ్బు. రా, చూద్దాం అన్నాడు చారగాడు.

పై ఏడు అడవి జట్టుకి కోచ్‌గా కోరలయ్యని పెట్టారు. మొదటి రోజే ఆయన ఒక కట్టుబాటు చేశాడు, జట్టులో ఎవరైనా సరే గండి దగ్గర కళ్లదాకా దొర్లి రావాలని. జంబులయ్యని జట్టులోంచి తీసేయలేదు. మట్టి తడిపి తొక్కి మెత్తగా చేసే పని ఇచ్చారు. ఆయన ఇప్పుడు రోజూ మోకాళ్లదాకా ఎర్రబురదలో దిగి, ముక్కు పైకెత్తుకుని తొక్కుతూ ఉంటాడు.

పిల్లలూ, పెద్దలూ, మావాడివి అంటూ ఎవరైనా వస్తే, ఆడించడానికి పిలుస్తున్నారో కూర్చోబెట్టడానికి పిలుస్తున్నారో తెలుసుకున్నాకే మట్టి పూసుకోండి.